చేరిన తేదీ: అమెరికా ఫ్లైట్ అటెండెంట్ల పండుగ సెలవులు, ప్రయాణ పాసుల చరిత్ర

అమెరికా విమానయాన సంస్థల్లో పనిచేసే ఫ్లైట్ అటెండెంట్లకు, అంటే విమానం లోపల ప్రయాణికుల భద్రతనూ అవసరాలనూ చూసుకునే సిబ్బందికి, జీతం తరువాత అత్యంత విలువైనవి రెండు ఉన్నాయి: పండుగ నాడు ఇంటి పట్టున ఉండగలగడం ఒకటి, ఖాళీగా మిగిలిన సీటులో టికెట్టు డబ్బు కట్టకుండా ప్రయాణించగలగడం రెండోది. ఈ రెండింటినీ చాలావరకు నిర్ణయించేది ఉద్యోగంలో చేరిన తేదీ. ఆ తేదీల క్రమంలో పేర్లు రాసిన పట్టికను సీనియారిటీ జాబితా అంటారు. డిసెంబరు 25న ఎవరు పిల్లల మధ్య కూర్చుని భోజనం చేస్తారో, ఎవరు ఊరుగాని ఊరి హోటల్ గదిలో యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటారో ఆ జాబితాలో పేరున్న స్థానాన్ని బట్టే తేలుతుంది కాబట్టి, ఈ వృత్తిలో యూనియన్లు నడిచిన ఎనభై ఏళ్ల చరిత్రను ఆ ఒక్క తేదీ చరిత్రగా కూడా చదవవచ్చు. అది ఎలా సంపాదించుకున్నది, ఎన్నిసార్లు చెరిపివేతకు గురైనది, ఎవరు దాన్ని తిరిగి రాయించుకున్నారు అన్న ప్రశ్నలకు జవాబులు ఎక్కువగా ఒప్పంద పత్రాల్లోనూ కోర్టు తీర్పుల్లోనూ దొరుకుతాయి.

ఉచిత ప్రయాణ పాసు విమానాలతో పుట్టిన ఆచారం కాదు. అది రైల్వేల నుంచి సంక్రమించింది. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో రైలు కంపెనీలు శాసనసభ్యులకు, న్యాయమూర్తులకు, పత్రికల వారికి, పెద్ద వర్తకులకు పాసులు పంచి తమ పనులు చక్కబెట్టుకునేవి. ఈ బెడద ముదిరిపోవడంతో 1906లో వచ్చిన హెప్‌బర్న్ చట్టం ఉచిత పాసులను నిషేధించి, రైల్వే ఉద్యోగులకు, వారి కుటుంబాలకు, మతాచార్యులకు, మరి కొన్ని వర్గాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. లంచంగా చలామణీ అయిన పాసు ఆ విధంగా ఉద్యోగి హక్కుగా మిగిలింది. విమానయానాన్ని ప్రభుత్వ నియంత్రణ కిందికి తెచ్చిన 1938 నాటి పౌర విమానయాన చట్టం కూడా అదే దారిలో నడిచి, సంస్థలు తమ ఉద్యోగులకు, వారి దగ్గరి కుటుంబ సభ్యులకు ఉచితంగా గాని తగ్గింపు ధరకు గాని ప్రయాణం కల్పించవచ్చని 403వ సెక్షన్‌లో అనుమతించింది. సికింద్రాబాద్, కాజీపేట, గుంతకల్లు, విజయవాడ రైల్వే కాలనీల్లో పెరిగిన తెలుగువారికి పాసు అన్న మాట కొత్తది కాదు. ప్రివిలేజ్ పాసుల సెట్లు, మూడో వంతు ఛార్జీకి టికెట్టు ఇప్పించే పి.టి.ఓ.లు అక్కడి కుటుంబాల వేసవి సెలవులను నడిపించాయి. అయితే రైల్వే పాసు ఉన్నవారు ముందే బెర్తు రిజర్వు చేసుకోగలరు. విమాన పాసు ఉన్నవారు సాధారణంగా డబ్బు కట్టిన ప్రయాణికులందరూ ఎక్కిన తరువాత సీటు మిగిలితేనే ఎక్కగలరు. పండుగ రోజుల్లో సీట్లు మిగలవు. పాసు విలువ అత్యంత అవసరమైన నాడే అడుగంటిపోవడం ఈ ఆచారంలో మొదటి నుంచీ ఉన్న చిక్కు.

విమానంలో మహిళా సిబ్బంది చరిత్ర 1930 మే 15న మొదలైంది. అయోవా రాష్ట్రానికి చెందిన ఎలెన్ చర్చ్ అనే నర్సు, తరువాతి కాలంలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిన బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ సంస్థ విమానంలో, ఓక్లండ్ నుంచి షికాగోకు ఆ రోజు బయలుదేరింది. మధ్యలో 13 చోట్ల దిగి సాగే ఆ ప్రయాణానికి దాదాపు 20 గంటలు పట్టేది. ఆమెతో కలిపి ఎనిమిది మంది నర్సులను సంస్థ ప్రయోగాత్మకంగా తీసుకుంది. నెలకు 100 గంటలు ఎగిరినందుకు 125 డాలర్ల జీతం. టికెట్లు చూడడం, సామాను మోయడం, గోడ గడియారానికి కీ ఇవ్వడం, ఈగలను తోలడం, నేలకు బిగించిన సీట్ల మరలు వదులయ్యాయేమో పరీక్షించడం, అవసరమైతే ఇంధనం నింపడంలోనూ విమానాన్ని షెడ్డులోకి నెట్టడంలోనూ చేయి వేయడం వారి పనుల్లో చేరి ఉండేవి. ఈ పని చేయడానికి నర్సు శిక్షణతో పాటు వయసు 25 దాటకూడదని, బరువు 115 పౌండ్లు మించకూడదని, అన్నిటికీ మించి పెళ్లి కాకూడదని షరతులు పెట్టారు.

పెళ్లి కాకూడదన్న షరతు లోతును అర్థం చేసుకోవాలంటే పాసుతోనే మొదలుపెట్టడం మేలు. చట్టంలో కుటుంబం అన్న మాట ఉన్నప్పటికీ, భార్యాబిడ్డలతో ప్రయాణించే వీలు పైలట్లకు, మెకానిక్కులకు, గుమాస్తాలకు ఉండేది గాని స్టూవర్డెస్‌లకు, అంటే విమానంలోని మహిళా సిబ్బందికి, ఉండేది కాదు. భర్త గాని బిడ్డ గాని ఉన్న నాడు ఆమెకు ఉద్యోగమే ఉండేది కాదు గనుక, వారి విషయంలో కుటుంబమంటే తల్లిదండ్రులే. సెలవుల సంగతీ అంతే. పెళ్లి కాని యువతికి పండుగ నాడు ఇంటి దగ్గర పని ఏముంటుందన్న ఊహ మీద ఆ ఉద్యోగపు పనివేళలన్నీ నిలిచాయి. ఇది యాదృచ్ఛికంగా కుదిరిన ఏర్పాటు కాదు. ఉద్యోగి ఎక్కువ కాలం నిలవకపోతే జీతం పెరగదు, పింఛను చెల్లించనక్కరలేదు, సీనియారిటీ పేరుతో ఎవరూ ఏదీ అడగరు.

ఆ పరిస్థితిలో యూనియన్ పుట్టడమే విశేషం. యునైటెడ్ సంస్థలో పనిచేస్తున్న ఏడా బ్రౌన్, ఆమెతో పాటు మరి నలుగురు 1945 ఆగస్టులో ఎయిర్ లైన్ స్టూవర్డెసెస్ అసోసియేషన్‌ను స్థాపించారు. రైలు కార్మికుల కోసం 1926లో చేసి, 1936లో విమానయానానికి విస్తరించిన రైల్వే లేబర్ చట్టం కింద ఆ సంఘం గుర్తింపు పొంది, 1946లో తొలి ఒప్పందం సాధించింది. నెలకు ఎగిరే గంటల పరిమితి 85కు తగ్గింది, విశ్రాంతి వేళలకు నియమం ఏర్పడింది, ఫిర్యాదులను విచారించే పద్ధతి వచ్చింది. ప్రభుత్వ నిబంధనల కంటే ఈ ఒప్పందం ఎంత ముందున్నదో గుర్తించాలి: పైలట్ల పని గంటలకు 1930ల నుంచే ప్రభుత్వ పరిమితి ఉండగా, ఫ్లైట్ అటెండెంట్ల డ్యూటీకీ విశ్రాంతికీ కేంద్ర నిబంధన వచ్చింది 1994లో. దాదాపు అర్ధ శతాబ్దం పాటు వారికి నిద్రపోయే హక్కు యూనియన్ ఒప్పందం వల్ల దక్కిందే తప్ప చట్టం వల్ల కాదు. ఆ ఒప్పందం సాధించిన ఏడా బ్రౌన్ మాత్రం 1947లో పెళ్లి చేసుకుని, నియమం ప్రకారం ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. యూనియన్‌కు తొలి అధ్యక్షురాలైన మనిషిని ఆ యూనియన్ తొలగించలేకపోయిన నియమమే ఇంటికి పంపింది.

సీనియారిటీ పనిచేసే తీరును కొంత వివరంగా చూడాలి, ఎందుకంటే తరువాతి తగాదాలన్నిటికీ మూలం అక్కడే ఉంది. సంస్థ ప్రతి నెలా వచ్చే నెల ప్రయాణాలను కట్టలుగా కట్టి ప్రకటిస్తుంది. ఒక మనిషి నెల మొత్తంలో చేయవలసిన ప్రయాణాల కట్టను లైన్ అంటారు. ఏ లైన్ కావాలో వరుసగా రాసి ఇచ్చే కోరికల పత్రాన్ని బిడ్ అంటారు. పత్రాలన్నీ చేరాక జాబితాలో మొదటి పేరు గల వ్యక్తికి ఆమె అడిగిన మొదటి లైన్ ఇస్తారు. రెండో పేరు గల వ్యక్తికి మిగిలిన వాటిలో ఆమె కోరిన మొదటిది. అలా అడుగు దాకా. అడుగున ఉన్నవారికి లైన్లే మిగలకపోతే వారిని రిజర్వులో ఉంచుతారు, అంటే ఎవరికైనా జ్వరం వచ్చినా, మంచు తుపానుకు ఎవరైనా చిక్కుబడినా ఫోను రాగానే నిర్ణీత సమయంలో విమానాశ్రయం చేరేందుకు ఇంటి దగ్గర సిద్ధంగా ఉండాలి. యాత్రకు యాత్ర మార్చుకునే వీలు ఉన్నా, దానికీ ఎదుటి మనిషి ఒప్పుకోవాలి. ఏడాది పొడవునా వారాల లెక్కన ఇచ్చే వార్షిక సెలవులకు ముందు ఏడాది శరదృతువులోనే మరో బిడ్ జరుగుతుంది. వేసవి వారాలు, క్రిస్మస్ వారం అందులో మొట్టమొదట ఖర్చయిపోతాయి. డిసెంబరు లైన్ల కాగితం చేతికి రాగానే ఫ్లైట్ అటెండెంటు చూపు ముందుగా 24, 25 తేదీల నిలువు గళ్ల మీదికే పోతుంది. ఆ గళ్లు ఖాళీగా ఉన్న లైన్ తనదాకా వస్తుందా అన్నది, తన ముందు ఎంతమంది ఉన్నారన్న లెక్క. ఈ పద్ధతి కఠినమైనదే. కొత్తగా చేరినవారు ఏళ్ల తరబడి పండుగలు కోల్పోతారు. అయినా పై అధికారి ఇష్టాయిష్టాల మీద, ముఖస్తుతి మీద, ముఖవర్చస్సు మీద నడిచిన కాలాన్ని చూసిన మనుషులకు, ఎవరూ మార్చలేని తేదీ మీద నడిచే వరుస గొప్ప న్యాయంగా కనిపించింది. ఆ భావనలో నిజముంది.

అయితే నిలవనివ్వని ఉద్యోగంలో సీనియారిటీకి విలువ ఎక్కడిది? 1950లలో, 60లలో చాలామంది స్టూవర్డెస్‌లు రెండు మూడేళ్లలోనే పెళ్లి కారణంగా వెళ్లిపోయేవారు. పెళ్లి చేసుకోకుండా మిగిలినవారి కోసం అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1953లో 32 ఏళ్ల వయోపరిమితి తెచ్చింది. మరికొన్ని సంస్థలు ఆ బాటే పట్టాయి. జాబితాలో పైకి ఎగబాకుతూ క్రిస్మస్ దాకా చేరుకునే సరికి జాబితా నుంచే పేరు కొట్టివేసేవారు. 1958 ఫిబ్రవరిలో మొహాక్ ఎయిర్‌లైన్స్ విమానంలో విధులకెక్కి, అమెరికాలో తొలి నల్లజాతి ఫ్లైట్ అటెండెంటుగా నిలిచిన రూత్ కెరొల్ టేలర్ జాతి వివక్ష గోడను దాటగలిగింది గాని, పెళ్లి నియమం దగ్గర ఆరు నెలల్లోనే ఆగిపోవలసి వచ్చింది.

1964 నాటి పౌరహక్కుల చట్టంలోని ఏడో అధ్యాయం ఉద్యోగాల్లో స్త్రీ పురుష భేదాన్ని నిషేధించడంతో దారి తెరుచుకుంది. ఆ చట్టం అమలు కోసం ఏర్పడిన సమాన ఉద్యోగ అవకాశాల కమిషన్ 1965 వేసవిలో తలుపులు తెరవగానే ఫిర్యాదుతో వచ్చిన తొలి వరుసలో స్టూవర్డెస్‌లు ఉన్నారు. వారి యూనియన్ తరఫున వాషింగ్టన్‌లో చట్టసభల వారిని కలిసి ఒప్పించే పని చేసిన డస్టీ రోడ్స్ వారిలో ఒకరు. 1968 నాటికి కమిషన్ అభిప్రాయాలు, యూనియన్ ఒప్పందాలు కలిసి పెళ్లి నియమాన్ని, వయోపరిమితిని చాలా సంస్థల్లో కూల్చివేశాయి. 1971లో మేరీ స్ప్రోగిస్ అనే యునైటెడ్ ఉద్యోగిని కేసులో ఏడో సర్క్యూట్ అప్పీలు కోర్టు పెళ్లి నియమం చట్టవిరుద్ధమని స్పష్టంగా చెప్పింది. మగవారిని తీసుకోకపోవడమూ చెల్లదని అదే ఏడాది పాన్ అమెరికన్ సంస్థ మీద వచ్చిన డియాజ్ కేసు తేల్చింది. ఉద్యోగం అప్పటికి గాని జీవితకాలపు వృత్తి కాలేదు. చేరిన తేదీ అప్పటికి గాని ఆస్తి కాలేదు.

ఆ తేదీ ఆస్తి అయిందనడానికి ఋజువు, దాని కోసం మొదలైన వ్యాజ్యాలే. క్యారొలిన్ ఎవాన్స్ 1966లో యునైటెడ్‌లో చేరి, 1968లో పెళ్లి కారణంగా రాజీనామా చేయవలసి వచ్చి, 1972లో మళ్లీ అదే సంస్థలో చేరింది. సంస్థ ఆమెను కొత్త ఉద్యోగిగా లెక్కించింది. తాను వెళ్లిపోయిన తరువాత చేరిన వారందరి వెనుక, ఆమె మళ్లీ అడుగు నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. తొలగింపు జరిగినప్పుడు గడువులోగా ఫిర్యాదు చేయలేదు కాబట్టి అది గడిచిపోయిన సంగతి అనీ, ఇప్పటి సీనియారిటీ లెక్క అందరికీ ఒకేలా వర్తిస్తున్నదనీ సుప్రీంకోర్టు 1977లో ఆమె వాదాన్ని తోసిపుచ్చింది. పాత అన్యాయం నేటి జాబితాలో ప్రతి నెలా తిరిగి అచ్చవుతున్నదన్న ఆమె వాదన బలమైనదే. ఆనాటి న్యాయస్థానం దాన్ని అంగీకరించలేదు.

ఐదేళ్లకు, 1982 ఫిబ్రవరిలో, జైప్స్ కేసులో తీర్పు మరో వైపు వచ్చింది. బిడ్డ పుట్టిన స్త్రీలను తొలగించి, తండ్రులైన పురుషులను కొనసాగించిన ట్రాన్స్ వరల్డ్ ఎయిర్‌లైన్స్, అంటే టీడబ్ల్యూఏ, 1970లో ఆ విధానాన్ని మార్చుకున్న తరువాత, అంతకు ముందు ఇంటికి వెళ్లిన తల్లులకు ఉద్యోగంతో పాటు పాత తేదీ కూడా తిరిగి ఇవ్వాలా అన్నది ప్రశ్న. సంస్థ డబ్బు ఇచ్చి రాజీకి సిద్ధపడింది. అప్పటి ఫ్లైట్ అటెండెంట్ల యూనియనే పాత తేదీ ఇవ్వడాన్ని వ్యతిరేకించింది. వ్యతిరేకతకు కారణం కఠినమైన అంకగణితం: తిరిగి వచ్చిన ఒక తల్లి జాబితాలో పైన చేరితే, మధ్యలో చేరి ఇన్నేళ్లూ పనిచేసిన ప్రతి ఒక్కరూ ఒక్కో మెట్టు దిగుతారు. లైన్ల విషయంలో, సెలవుల విషయంలో, బదిలీల విషయంలో తోటివారితో పోటీపడే ఈ రకం స్థానాన్నే పోటీ సీనియారిటీ అంటారు. జీతం, పింఛను లెక్కలకు పనికివచ్చే సర్వీసు కాలం వేరు, దానివల్ల పక్కవారికి నష్టం ఉండదు. సుప్రీంకోర్టు యూనియన్ అభ్యంతరాన్ని పక్కనబెట్టి ఆ తల్లులకు పోటీ సీనియారిటీని సైతం ఇవ్వవచ్చని తేల్చింది. కార్మిక సంఘాల చరిత్ర రాసేవారు ఈ కేసును దాటవేయకూడదు. తల్లులను పనిలోంచి తీసివేసిన తప్పు సంస్థదే అయినా, దాన్ని సరిదిద్దే భారం మాత్రం తోటి ఉద్యోగినుల పండుగల మీద పడింది.

ఈ తీర్పుకు ఆరు నెలల ముందు భారతదేశంలోనూ ఇదే ప్రశ్న సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఎయిర్ ఇండియా నిబంధనల ప్రకారం ఎయిర్ హోస్టెస్ 35 ఏళ్లకు గాని, చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకుంటే గాని, తొలిసారి గర్భవతి అయితే గాని వైదొలగాలి. అవే విమానాల్లో పనిచేసే పురుష పర్సర్లకు 58 ఏళ్లు. నర్గీస్ మీర్జా తదితరుల కేసులో 1981 ఆగస్టు 28న వెలువడిన తీర్పు గర్భధారణ నిబంధనను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. 35 దాటాక కొనసాగించే అధికారాన్ని మేనేజింగ్ డైరెక్టరు ఇష్టానికే వదిలివేసిన నిబంధననూ రద్దు చేసింది గాని, నాలుగేళ్ల పెళ్లి నిషేధాన్ని మాత్రం సమంజసమేనని నిలబెట్టింది. అమెరికాలో పదేళ్ల కిందట కూలిపోయిన నియమం ఇక్కడ న్యాయస్థానం మద్దతుతో మరికొంత కాలం బతికింది.

పాసు చరిత్రలో మలుపు 1984లో వచ్చింది. ఉద్యోగికి ఉచితంగా దొరికే ప్రయాణం ఆదాయమే కాబట్టి పన్ను కట్టాలన్న ఆలోచన పన్నుల శాఖలో బలపడగా, 1978 నుంచి దాన్ని తాత్కాలికంగా ఆపుతూ వచ్చిన అమెరికా కాంగ్రెస్, 1984 చట్టంతో ఆదాయపు పన్ను నియమావళిలో 132వ సెక్షన్ చేర్చింది. సంస్థకు అదనపు ఖర్చు లేని సేవ అన్న కొత్త భావనను ఆ సెక్షన్ నిర్వచించింది: సంస్థ మామూలుగా ప్రజలకు అమ్మే సేవే అయి ఉండి, ఉద్యోగికి ఇవ్వడం వల్ల సంస్థ ఆదాయం ఏమీ కోల్పోకపోతే, దాని మీద పన్ను ఉండదు. ఎలాగూ ఖాళీగా ఎగిరిపోయే సీటు ఈ నిర్వచనానికి సరిగ్గా సరిపోయింది. జీవిత భాగస్వామి, పిల్లలు, పదవీ విరమణ చేసినవారు దీని కిందికి వచ్చారు. విమానయాన ఉద్యోగుల తల్లిదండ్రులకు ప్రత్యేక వెసులుబాటు కలిగింది. మేలు జరిగిన మాట నిజమే గాని, ఆ మేలులోనే పాసు స్వరూపం కూడా స్థిరపడిపోయింది. ప్రయాణికుడికి అమ్మగలిగిన సీటును ముందే ఉద్యోగికి కేటాయిస్తే సంస్థ ఆదాయం కోల్పోతుంది గనుక పన్ను మినహాయింపు చిక్కులో పడుతుంది. అందుచేత గేటు దగ్గర నిలబడి మిగులు కోసం ఎదురుచూడడం, అంటే స్టాండ్‌బై, ఈ సౌకర్యానికి విడదీయరాని షరతు అయింది. ఇతర సంస్థల విమానాల్లో ప్రయాణించడానికి పరస్పర ఒప్పందాలు ఏర్పడ్డాయి. మామూలు ధరలో 90 శాతం తగ్గించే ఐడీ90 టికెట్లు, ఆ తరువాత దూరాన్ని బట్టి మండలాలుగా విభజించి స్థిరమైన తక్కువ ధర నిర్ణయించిన జెడ్ పద్ధతి వాడుకలోకి వచ్చాయి.

పాసు ఎందుకింత కీలకమైందో బయటివారికి వెంటనే తోచదు. విహారయాత్రలకు పనికివచ్చే వేడుక వస్తువుగా దాన్ని చూడడం అలవాటైపోయింది. నిజానికి ఎందరో ఫ్లైట్ అటెండెంట్లు తాము డ్యూటీ మొదలుపెట్టే నగరంలో కాక, ఇళ్ల ధరలు తక్కువున్న చోటో, తల్లిదండ్రులున్న ఊళ్లోనో నివసిస్తూ, డ్యూటీకి విమానంలోనే వచ్చిపోతారు. వారికి పాసు లేకపోతే ఉద్యోగమే లేదు. ఈ సంగతి బ్రిటన్‌లో జరిగిన వివాదంలో బయటపడినంత స్పష్టంగా మరెక్కడా బయటపడలేదు. దూర ప్రయాణాల విమానాల్లో సిబ్బంది సంఖ్య తగ్గించినందుకు బ్రిటిష్ ఎయిర్‌వేస్ క్యాబిన్ సిబ్బంది 2009 డిసెంబరు 22 నుంచి పన్నెండు రోజుల సమ్మెకు పిలుపునిచ్చారు. ఓటింగులో సమ్మెకు అనుకూలంగా 92 శాతానికి పైగా పడ్డాయి. సంస్థ విడిచిపెట్టి వెళుతున్న కొందరికీ ఓటు పత్రాలు అందాయన్న కారణంతో హైకోర్టు డిసెంబరు 17న ఆ క్రిస్మస్ సమ్మెను ఆపివేసింది. తిరిగి ఓటు వేసి 2010 మార్చి నుంచి జూన్ దాకా విడతలుగా 22 రోజులు సమ్మె చేశారు. సమ్మెలో పాల్గొన్నవారి ప్రయాణ సౌకర్యాన్ని యాజమాన్యం రద్దు చేసింది. అది ఒప్పందంలోని హక్కు కాదు, సంస్థ దయతో ఇచ్చే సదుపాయమని దాని వాదం. అప్పటి నుంచి తగాదా ముఖం మారిపోయింది. సిబ్బంది సంఖ్య గురించి మొదలైన వివాదం, పోయిన పాసులు తిరిగి రావాలన్న పట్టుదల దగ్గర ఏడాది పైగా నిలిచిపోయింది. 2011లో కుదిరిన పరిష్కారంలో పాసుల పునరుద్ధరణ ప్రధాన భాగమైంది. దయతో ఇచ్చినదని చెప్పే వస్తువును శిక్షగా తీసుకోవడం సాధ్యమైందంటే, అది జీతంలో భాగమని ఇరుపక్షాలకూ తెలుసునన్న మాట.

అమెరికాలో పండుగనే ఆయుధంగా వాడిన సమ్మె 1993లో జరిగింది. నవంబరు నాలుగో గురువారం నాడు వచ్చే థాంక్స్‌గివింగ్ ఆ దేశంలో కుటుంబాలన్నీ ఒకచోట చేరే పండుగ. సంక్రాంతి ముందు హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే రహదారిని చూసినవారు ఆ వారపు విమానాశ్రయాలను ఊహించుకోగలరు. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లోని ఇరవై వేలకు పైబడిన ఫ్లైట్ అటెండెంట్లు, అసోసియేషన్ ఆఫ్ ప్రొఫెషనల్ ఫ్లైట్ అటెండెంట్స్ నాయకత్వంలో, ఆ పండుగకు వారం ముందు నవంబరు 18న పని ఆపివేశారు. అధ్యక్షురాలు డెనీస్ హెడ్జెస్ ప్రకటించిన సమ్మె కాలం పదకొండు రోజులు. ఆ సంఖ్య వెనుక ముందుచూపు ఉంది: కొత్తవారిని తెచ్చి శిక్షణ పూర్తి చేసే లోపే సమ్మెదారులు తిరిగి పనిలోకి వచ్చేస్తారు. సీట్ల సంఖ్యను బట్టి, ప్రతి యాభై సీట్లకు ఒకరు చొప్పున ఫ్లైట్ అటెండెంట్లు ఉండి తీరాలన్న భద్రతా నియమం మూలంగా, అనేక విమానాలు పైలట్లతో, సరుకుతో, ఒక్క ప్రయాణికుడూ లేకుండా ఎగిరాయి. అధ్యక్షుడు బిల్ క్లింటన్ జోక్యం చేసుకుని ఇరుపక్షాలనూ మధ్యవర్తి తీర్పుకు ఒప్పించడంతో, పండుగకు మూడు రోజుల ముందు, నవంబరు 22న సమ్మె ముగిసింది. విమానం లోపల కాఫీ అందించే మనుషులుగా మాత్రమే తమను చూసే లోకానికి, తాము లేకపోతే విమానం ప్రయాణికులతో ఎగరలేదన్న నిజాన్ని వారు ఆ ఐదు రోజుల్లో చూపించారు.

అలాంటి ధైర్యానికి అప్పటికే ఒక చేదు పూర్వకథ ఉంది. 1986లో టీడబ్ల్యూఏలో కార్ల్ ఐకాన్ యాజమాన్యంతో జరిగిన సమ్మె ఓడిపోయింది. సమ్మె మధ్యలో పనిలోకి తిరిగి వెళ్లిన జూనియర్లు ఖాళీ అయిన మంచి స్థానాలనూ, కోరిన నగరాలనూ దక్కించుకున్నారు. సమ్మె ముగిశాక సీనియర్ల కోసం వారిని తప్పించనక్కరలేదని సుప్రీంకోర్టు 1989లో తీర్పు చెప్పింది. తేదీ ఎంత పాతదైనా, ఆ తేదీకి దక్కవలసిన కుర్చీలో మరొకరు కూర్చుని ఉండడాన్ని ఆ సీనియర్లు చూశారు. వారి కష్టం అంతటితో తీరలేదు. 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ టీడబ్ల్యూఏను కొన్నప్పుడు, అక్కడి సుమారు నాలుగు వేల మంది ఫ్లైట్ అటెండెంట్లను అమెరికన్ జాబితాలో అట్టడుగున చేర్చారు. ముప్పై ఏళ్ల సర్వీసున్నవారు సైతం నిన్న చేరిన వారి వెనుక నిలబడ్డారు. సెప్టెంబరు 11 దాడుల తరువాత ఉద్యోగాల కోత అడుగు నుంచే మొదలైంది కాబట్టి, 2003 జూలై నాటికి వారంతా లేఆఫ్ అయ్యారు. టీడబ్ల్యూఏకు కేంద్రమైన సెయింట్ లూయిస్ నగరం మిజోరీ రాష్ట్రంలోది. ఆ రాష్ట్ర సెనేటర్లు మెకాస్కిల్, బాండ్ పేర్ల మీదుగా 2007లో వచ్చిన చట్టం, విలీనాల్లో సీనియారిటీ జాబితాలను న్యాయంగా, సమానంగా కలపాలని, కుదరకపోతే మధ్యవర్తికి నివేదించాలని ఆదేశించింది. ఆ చట్టం తరువాతి విలీనాలకు వర్తించింది. దానికి కారణమైన స్త్రీ పురుషులకు మాత్రం పాత తేదీ తిరిగి రాలేదు.

ప్రస్తుతం లైన్లను చాలా సంస్థల్లో కంప్యూటరు పంచుతుంది. కోరికల ప్రాధాన్యాన్ని బట్టి లైన్‌ను తయారుచేసే ఈ పద్ధతిలోనూ యంత్రం మొదలుపెట్టేది జాబితాలోని మొదటి పేరు నుంచే. అక్టోబరు వచ్చేసరికి యూనియన్ స్థానిక శాఖలు సభ్యులకు నోటీసులు పంపుతాయి: సెలవుల బిడ్ ఎప్పుడు ముగుస్తుంది, పండుగ డ్యూటీకి అదనపు వేతనం ఒప్పందంలో ఏ సెక్షన్ కింద వస్తుంది, అనారోగ్య సెలవు పెడితే ఏ పత్రం చూపాలి, పాసు మీద ప్రయాణించేవారు ఏ రోజుల్లో గేటు వైపు రాకపోవడం మంచిది. 2018 చట్టం ఆదేశించి, 2022 అక్టోబరులో నిబంధనగా వెలువడిన పది గంటల కనీస విశ్రాంతి కూడా ఆ నోటీసుల్లో చేరింది.

పాసు వరుస విషయంలో సంస్థలు ఒక్క మాట మీద లేవు. డెల్టా సంస్థలో ఫ్లైట్ అటెండెంట్లు 2002, 2008, 2010 ఓటింగుల్లో యూనియన్ తెచ్చుకోలేకపోయినా, స్టాండ్‌బై వరుస అక్కడ సీనియారిటీ ప్రకారమే నడుస్తుంది. యూఎస్ ఎయిర్‌వేస్‌లో తేదీ ప్రకారం, అమెరికన్‌లో చెక్-ఇన్ చేసిన సమయం ప్రకారం నడిచిన రెండు పద్ధతులు 2013 విలీనంలో ఎదురుపడగా, చెక్-ఇన్ సమయమే నిలిచింది. గేటు పైన వెలిగే తెర మీద ఇంటిపేరులోని మొదటి మూడు అక్షరాలు, అసలు పేరులోని ఒక అక్షరం వరుసగా కనిపిస్తాయి. డిసెంబరు 24 సాయంత్రం మిగిలిన సీటు ఒకటే అయితే, డెల్టా గేటు దగ్గర అది ముప్పై ఏళ్ల కిందట చేరిన ఉద్యోగిది. అమెరికన్ గేటు దగ్గర, బయలుదేరే సమయానికి సరిగ్గా ఇరవై నాలుగు గంటల ముందు ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్న, మొన్న చేరిన ఉద్యోగిది కావచ్చు.